హికరీ పలకతో విల్లు: గీత పక్కకు వాలుతోంది, పనికొస్తుందా?

ఎమ్మార్‌పల్లి విలుకాడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతి ఎం.ఆర్.పల్లిలో ఉంటాను. ఇంటీరియర్ పనులు చేయించే ఉద్యోగం. ఒక కస్టమర్ డైనింగ్ టేబుల్‌కు అమెరికా హికరీ చెక్కే కావాలని పట్టుబడితే చెన్నై నుంచి తెప్పించాం. టేబుల్ అయిపోయింది, ఒక పలక మిగిలింది. "తీసుకుపోయి ఏమన్నా చేసుకో" అన్నారు. దాన్ని చూసినప్పటి నుంచీ నా మనసులో విల్లే ఉంది.

పలక పొడవు 6 అడుగులు, వెడల్పు 5 అంగుళాలు, చిత్రిక పట్టకముందు మందం అంగుళం. ఒక అంచు తెల్లగా, మిగతాదంతా లేత గోధుమరంగులో ఎర్రటి చాయతో ఉంది. ఎక్కడా ముడి లేదు, పగులు లేదు. ఫైబర్ రెక్కల విల్లుతో బాణాలు వేయడం అలవాటే, నేను లాగేది 28 అంగుళాలు. చెక్కతో చేసుకునేదానికి లాగే బరువు 35 నుంచి 40 పౌండ్ల మధ్య ఉంటే చాలు. జింకల్ని కొట్టే పని లేదు, అట్టపెట్టెలే నా వేట.

నా అనుమానం గీతల మీద. పలకను వెడల్పు వైపు నుంచి చూస్తే గీతలు నిటారుగానే ఉన్నాయి, కానీ అంచుతో సమానంగా పోవడం లేదు. ఒక కొసన ఎడమ అంచు దగ్గర మొదలైన గీత అవతలి కొసకు పోయేసరికి సుమారు 3 అంగుళాలు కుడికి జరిగిపోతోంది. మందం వైపు నుంచి చూస్తే మాత్రం అంచుకు సమానంగానే ఉన్నాయి. ఇట్లాంటి పలక విల్లుకు పనికొస్తుందా, లేక వీపు మీద గుడ్డ అంటించాలా?

రెండోది వాన. అక్టోబరు వచ్చేసింది, ఇక డిసెంబరు దాకా మన పక్క ముసురే. ఇప్పుడే మొదలుపెట్టాలా, వేసవి దాకా ఆగాలా? నా దగ్గర జిగ్‌సా, చేతి రంపం, చిన్న చిత్రిక, రెండు ఆకురాళ్లు ఉన్నాయి. మా నాన్న అయితే "ఇంట్లో టేకు పెట్టుకుని ఆ పేరు తెలియని చెక్కతో కుస్తీ ఎందుకురా" అంటున్నారు. ఆయనకు చెప్పడానికి కూడా ఒక జవాబు కావాలి.

గ్రీమ్స్‌పేట కుర్రోడు

అన్నా, ఇంత తంటా ఎందుకు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే నాలుగు రోజుల్లో ఇంటికొస్తుంది గదా. సరే, సరదా మీది. నాదీ ఒక డౌటు. మా చిన్నాన్న ఇంట్లో ఫ్లోరింగ్ వేయించారు, అట్టల మీద హికరీ అనే రాసుంది. నాలుగైదు పట్టీలు మిగిలాయి. దాంతో అవుతుందా?

చంద్రగిరి చెక్కపని

గ్రీమ్స్‌పేట తమ్ముడిది చిన్న ప్రశ్న కాబట్టి ముందు దానికి చెప్తా. ఆ పట్టీని అడ్డంగా కోసి కోత వైపు చూడు. ఇప్పుడు వచ్చే ఫ్లోరింగ్‌లో ఎక్కువ భాగం పైన రెండు మూడు మిల్లీమీటర్ల హికరీ, కింద అంతా ప్లైవుడ్ పొరలు. అదయితే విల్లుకు పనికిరాదు, ఆశ వదులుకో. కోతలో పైనుంచి కిందిదాకా ఒకటే చెక్క కనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఎమ్మార్‌పల్లి తమ్ముడూ, నీ పలక మంచిదే. అంచు వెంబడి మాత్రం కోయొద్దు.

విల్లులో లక్ష్యం వైపు ఉండేది వీపు, నీ వైపు ఉండేది పొట్ట. లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. సాగే వీపు మీద నార ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తెగకుండా పోవాలి. అంచు వెంబడి కోస్తే నీ పలకలో నారలు దారి మధ్యలోనే పక్కకు బయటపడిపోతాయి, పెచ్చు లేచేది అక్కడే. లెక్కకు చూస్తే 72 అంగుళాల్లో 3 అంగుళాల వాలు, అంటే 24కి 1. 25కి 1 వాలు ఉంటే చెక్క వంపు బలం 4 శాతం దాకా తగ్గుతుంది, అదే 10కి 1 అయితే దాదాపు 19 శాతం. కాబట్టి అంచు వెంబడి కోసినా వెంటనే విరిగిపోతుందని బెదిరించను. అయితే వింటి కొనలు అరంగుళం వెడల్పే ఉంటాయి, అంత సన్నటి చోట వాలునార తొందరగా అంచు దాటుతుంది. చేతిలో 5 అంగుళాల వెడల్పు పెట్టుకుని ఆ రిస్కు దేనికి?

ముందు ఇంకు పరీక్ష చెయ్యి. నీకు కనిపించే గీతలు చెట్టు ఏటా వేసుకునే వలయాలవి. చెట్టు మెలి తిరిగి పెరిగి ఉంటే నార దిక్కు వాటితో కలవదు. హికరీలో సన్నటి రంధ్రాలు కంటికే కనిపిస్తాయి. నున్నగా చిత్రిక పట్టిన చోట ఫౌంటెన్ పెన్ను ఇంకు ఒక చుక్క వేసి, కాసేపు ఆగి చూడు. చుక్క గుండ్రంగా నిలవదు, రంధ్రాల వెంబడి అటూ ఇటూ సన్నగా మీసాలు లాగుతుంది. ఆ మీసాల దిక్కే అసలు నార దిక్కు. పలక పొడవునా నాలుగైదు చోట్ల వెయ్యి. మరక గురించి దిగులు వద్దు, ఎట్లాగూ ఆ పొర చిత్రికలో పోయేదే.

మీసాలు కూడా 3 అంగుళాల వాలే చూపిస్తే, ఆ వాలు వెంబడి దారం లాగి అదే విల్లుకు మధ్యగీతగా పెట్టుకో. విల్లు పలకలో ఏటవాలుగా పడుకుంటుంది, అంతే. నీ వెడల్పులో కొనకూ కొనకూ మధ్య 4 అంగుళాల జరుగుడు ఉన్నా పడుతుంది. ఎందుకంటే కొనలు సన్నం, వెడల్పైన భాగమంతా పలక మధ్యకు దగ్గర్లోనే పడుతుంది.

కొలతలు రాసుకో. మొత్తం పొడవు 68 అంగుళాలు. మధ్యలో 4 అంగుళాలు పిడి, దానికి రెండు పక్కలా రెండేసి అంగుళాలు పిడి నుంచి రెక్కలోకి దిగే వాలు. అక్కడ నుంచి రెక్క సగం దాకా వెడల్పు ఒకటిముప్పావు అంగుళాలు తగ్గకుండా రానివ్వు, తరువాత కొన దగ్గరికి అరంగుళానికి సన్నం చెయ్యి. మందం పిడి దిగిన చోట 5/8 అంగుళం, కొన వైపు పోయేకొద్దీ అరంగుళం. ఇది మొదలు మాత్రమే. అసలు మందం వంపు చూసుకుంటూ తీసేది.

పిడికి మిగిలిన హికరీ ముక్కనే 8 అంగుళాలు కోసి పొట్ట వైపు అంటించు. రెండు ముఖాలూ అప్పుడే చిత్రిక పట్టినవై ఉండాలి. అరాల్డైట్ లాంటి ఎపాక్సీ అయినా సరే, నీళ్లకు ఆగే ఫెవికాల్ మెరైన్ అయినా సరే, క్లాంపులు బిగించి ఒక రోజంతా కదిలించకు. ఆ ముక్క రెండు చివర్లూ కాగితమంత పల్చబడేలా వాల్చాలి. మొద్దుగా వదిలేస్తే రెక్క వంగిన మొదటిసారే ఆ చివర టక్కున ఊడి లేస్తుంది.

ఇక మందం విషయం ఒక్కటి తలకెక్కించుకుంటే సగం పని అయినట్టే. వెడల్పు సగం చేస్తే బిగువు సగమే తగ్గుతుంది. మందం అట్లా కాదు, ఘనం లెక్కన తగ్గుతుంది. అరంగుళం మందంలో పదో వంతు తీశావంటే, అంటే మిల్లీమీటరు పైచిలుకు, ఆ చోట బిగువు 27 శాతం పోతుంది. అందుకే ఒకసారి వంగడం మొదలయ్యాక ఎలక్ట్రిక్ ప్లానర్‌ను అటకెక్కించెయ్. ముందు ఆకురాయి, తరువాత గాజుపెంకు. పగిలిన గాజు అంచును చెక్క మీద కొద్దిగా వాల్చి నీ వైపు లాగితే పొడి రాలదు, ఉల్లిపొరలాగా చుట్టుకుని వస్తుంది. పొడి రాలుతోందంటే ఆ అంచు మొద్దుబారింది, ఇంకో పెంకు తీసుకో. చేతికి గ్లౌజు వేసుకో.

మీ నాన్నగారి మాటకు వస్తే, ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. టేకు తేమకు పెద్దగా కదలదు, చెదలు ముట్టవు. అందుకే మన ఇళ్లలో తలుపులూ ద్వారబంధాలూ అన్నీ అదే. నేను బతికేది కూడా దాని మీదే. కానీ విసురుగా పడే దెబ్బను హికరీ తట్టుకున్నట్టు టేకు తట్టుకోదు. అమెరికాలో సుత్తి పిడులు, గొడ్డలి కామలు, డ్రమ్ములు వాయించే పుల్లలు హికరీతో చేసేది ఆ గుణం చూసే. మన అడవుల్లో దానికి దగ్గరిది తడ చెట్టు, ఉత్తరాదిలో ధామన్ అంటారు. కావడిబద్దలకూ పనిముట్ల పిడులకూ, విల్లులకూ కూడా దాన్నే వాడేవాళ్లు. ఇప్పుడు దానికోసం కొండెక్కే పని పెట్టుకోకు.

హికరీకి ఉన్న పెద్ద రోగం తేమే. గాలిలో చెమ్మ ఎంతుంటే అంతా పీల్చుకుంటుంది, పీల్చుకున్నాక మెత్తబడి, లాగిన వంపు లాగినట్టే ఉండిపోతుంది. చెక్కలో తేమ 6 నుంచి 8 శాతం మధ్య ఉంటే దీనికి హాయి. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 40 శాతం ఉన్నప్పుడు చెక్క ఏడున్నర శాతం దగ్గర నిలబడుతుంది. అదే గాలి తేమ 80 శాతమైతే చెక్క 15 దాటిపోతుంది. నవంబరులో మన తిరుపతి గాలి ఎట్లా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు, ఆరేసిన లుంగీ రెండు రోజులైనా ఆరదు.

కాబట్టి ఇప్పుడు పలకను గుర్తుపెట్టి, బయటి ఆకారం కోసి, పిడి అంటించి పెట్టుకో. వంపు పని వేసవికి వదిలెయ్. ఆగలేనంటావా, పాత చెక్కబీరువా ఉంటే కింద వేడెక్కే పాతరకం 60 వాట్ల బల్బు, దానికి బాగా ఎడంగా పైన విల్లు, గాలి ఆడటానికి కిందా మీదా చిల్లులు. బల్బుకు దగ్గర్లో గుడ్డ గానీ కాగితం గానీ ఉండకూడదు, ఇంట్లో మనిషి లేనప్పుడు వెలిగించకూడదు. రోజూ విల్లును వంటింటి కాటా మీద తూకం వెయ్యి. తూకం తగ్గడం ఆగిందంటే అక్కడికి ఆరినట్టు. అది పెద్ద మీటర్ల కన్నా నమ్మకం.

గుడ్డ అంటించనవసరం లేదు. నార సరిగ్గా పోయిన హికరీ వీపు ఇంకే తోడూ అడగదు. ఇంకుతో చూశాక కూడా అనుమానం మిగిలితే అప్పుడు ఒక పొర లినెన్ వేసుకో.

ఇంకో సంగతి. అమెరికా కలప వ్యాపారంలో అసలు హికరీని, పెకాన్ జాతులను కలిపేసి ఒకే పేరుతో అమ్ముతారు. పెకాన్‌ది బలం కాస్త తక్కువ. చూపుతో తేడా పట్టడం కష్టం, తూకమే దారి. నీ కొలతల పలక నాలుగున్నర కిలోలు దాటితే సంతోషించు. తక్కువ తూగితే వెడల్పు ఒక పావంగుళం పెంచి చెయ్యి.

భాకరాపేట వెదురు

చెక్కపని అన్న చెప్పింది విన్నాక నాకు నవ్వొచ్చింది. ఇంకు చుక్కలు, బల్బు బీరువా, గాజుపెంకులు! అదే వెదురయితే నార దిక్కు దేవుడే గీసి పెట్టాడు. బద్ద చీలిస్తే చాలు, ఎటు చీలిందో అదే నార. బయటి తోలు వైపు వీపు, లోపలి వైపు పొట్ట. కన్నప్ప కాలం నుంచీ మన కొండల్లో వేటగాళ్లు విల్లు పట్టారంటే అమెరికా నుంచి పలక తెప్పించుకున్నారా?

సీరియస్‌గా చెప్తున్నా, మొదటి విల్లు వెదురుతో చేసుకోండి. సాధనం వెదురు గోడ మందంగా ఉంటుంది, చాలా బొంగులు దాదాపు గట్టిగా నిండే ఉంటాయి. లేతది వద్దు, మూడేళ్లు దాటింది కావాలి. కణుపుల దగ్గర బయటి తోలు గీకకూడదు, ఉబ్బు ఉంటే లోపలి వైపు నుంచే సరిచేయాలి. మన దేశంలో ఇండియన్ రౌండ్ పోటీలు ఈ వెదురు విల్లులతోనే జరుగుతాయి, 50 మీటర్లు, 30 మీటర్ల దూరాలకు. కాబట్టి దీన్ని ఆటబొమ్మ అనుకోవద్దు.

ఒకే ఒక్క మాట. వెదురు కూడా బజారులో, డిపోలో కొనండి. శేషాచలం వైపు కత్తి భుజాన వేసుకుని పోవద్దు. అది 1989 నుంచి నేషనల్ పార్కు, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు కూడా. ఎర్రచందనం పుణ్యమా అని అక్కడ చేతిలో కత్తితో కనబడ్డ మనిషిని ముందు పట్టుకుంటారు, వివరాలు తరువాత అడుగుతారు. "సార్, విల్లు కోసం తడ కొమ్మ" అంటే నమ్మేదెవరు?

ఎమ్మార్‌పల్లి విలుకాడు

అన్నా, చాలా థాంక్స్. ఇంకు పరీక్ష చేశాను. నిజంగానే చుక్క రెండు వైపులా లాగింది, మధ్యలో వేసిన చుక్క అయితే ఒక అంగుళం దాకా పాకింది. వలయాల గీత 3 అంగుళాలు జరిగితే, ఇంకు చూపించింది రెండున్నరే. పలక తూకం 4 కిలోల 700 గ్రాములు. మా నాన్న కూడా వచ్చి ఇంకు మీసాలు చూసి "పర్వాలేదే" అన్నారు. ఆయన నోట అది రావడం గొప్పే.

ఇంకో మూడు అడుగుతాను, విసుక్కోవద్దు. నార దిక్కుకూ వలయాల గీతకూ తేడా వచ్చినప్పుడు మధ్యగీత దేని వెంబడి పెట్టాలి? భాకరాపేట అన్న చెప్పాడు కాబట్టి, హికరీ వీపు మీద వెదురు బద్ద అంటిస్తే రెండు గుణాలూ కలిసొస్తాయి గదా? వంపు ఎట్లా చూసుకోవాలి, ఒక్కడినే ఉంటాను, లాగితే చూడలేను, చూస్తే లాగలేను.

చంద్రగిరి చెక్కపని

మధ్యగీత ఇంకు వెంబడే. సాగేదీ తెగేదీ నార, వలయం కాదు. మందం వైపు గీతలు అంచుకు సమానంగా ఉన్నాయన్నావు గాబట్టి వలయాల గీతలో అరంగుళం తేడాకు భయపడక్కర్లేదు.

భాకరాపేట అన్నా, వెదురు మీద నాకేం కోపం లేదు, నా షెడ్డులో ఎప్పుడూ రెండు బొంగులు ఆరుతూనే ఉంటాయి. అది పురుగు పట్టే సంగతి కూడా తమ్ముడికి చెప్పి ఉంటే బాగుండేది. కోసిన వెదురులో పిండి ఎక్కువ, సరిగ్గా ఆరబెట్టకపోతే పొడి రాల్చే పురుగు వదలదు. ఈ హికరీని కూడా వదలదు అనుకో.

తమ్ముడూ, రెండూ కలపొద్దు. హికరీ గొప్పతనం సాగడంలో ఉంది, నలగడంలో అంత లేదు. వెదురు తోలు సాగడంలో ఇంకా మొండిది. ఆ మొండిదాన్ని వీపు మీద ఎక్కిస్తే భారమంతా పొట్ట మీద పడుతుంది. పొట్ట మీద అడ్డంగా సన్నటి ముడతలు వస్తాయి, వేలితో నిమిరితే గోటికి తగులుతాయి. అవి ఒకసారి వచ్చాక పోవు. హికరీ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా వీపే బలమైనది. అందుకే కొందరు వీపును పొట్ట కన్నా కొంచెం సన్నం చేసి, అంచుల్ని లోపలికి వాలుస్తారు. నువ్వు మొదటి విల్లులో ఆ పని పెట్టుకోకు. అంచులు మాత్రం గుండ్రం చెయ్యి, పదునైన అంచు నుంచే పెచ్చు లేస్తుంది.

ఇక వంపు. భారతం ఆడేవాళ్లకు నేను విల్లులు చేసిస్తుంటాను. ద్రౌపదమ్మ గుడి దగ్గర తపస్సు మాను ఎక్కే అర్జునుడికి ఇచ్చేది చూపుకు ఒంపు తిరిగి, బంగారు కాగితంతో తళతళలాడితే చాలు. దాన్ని ఎవరూ చెవి దాకా లాగరు. లాగే విల్లుకు మాత్రం వంపు పని తొందరపడితే రాదు, నెమ్మదిగా చేసుకోవాల్సిందే.

మొదట ఒక కొన నేలకు ఆనించి, పిడి పట్టుకుని అదిమి చూడు. రెండు రెక్కలూ ఒకేలా కదిలేదాకా ఆకురాయి పట్టు. తరువాత విల్లు కన్నా కాస్త పొడవైన తాడు రెండు కొనలకూ కట్టు. గోడకు ఒక కర్ర నిలబెట్టి, దాని నెత్తిన పిడి కూర్చునేలా గాడి పెట్టు. తాడుకు కొక్కెం తగిలించి, ఇంకో తాడుతో కింద ఉన్న కప్పీ గుండా నీ చేతికి తెచ్చుకుంటే ఆరడుగుల దూరం నుంచి లాగుతూ చూడొచ్చు, ఒక్కడివే ఉన్నా సరిపోతుంది. మధ్యలో సూట్‌కేసులు తూచే డిజిటల్ కాటా కట్టుకో. దాంట్లో 16 కిలోలు అంటే 35 పౌండ్లు, 18 అంటే 40. ఆ అంకె దాటి ఒక్కసారి కూడా లాగొద్దు. వంపు పూర్తిగా రాకపోయినా సరే, నువ్వు అనుకున్న బరువు వచ్చిందంటే అక్కడే ఆపి, బిగువుగా ఉన్న చోట గీకి, మళ్లీ చూడు.

వెనక గోడకు అడ్డగీతలు గీసి పెట్టుకుంటే ఏ రెక్క ఎంత దిగిందో తెలుస్తుంది. వంగని చోట పొట్ట వైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టు. గీకేది గుర్తున్న చోటే. ఎక్కువ వంగుతున్న చోటును ముట్టుకోకు, దాని చుట్టుపక్కల తీసి దానికి సాయం చెయ్యి. వీపును మొదటి నుంచి చివరి దాకా ముట్టుకోకు, ఉప్పుకాగితం తప్ప. గీకిన ప్రతిసారీ సగం దాకా ఒక పాతిక సార్లు లాగి వదులు, అప్పుడే చెక్క నీ గీకుడును ఒప్పుకుంటుంది. లాగకుండా వెంటవెంటనే గీక్కుంటూ పోతే అసలు మార్పు ఆలస్యంగా బయటపడుతుంది, అప్పటికి చెక్క మిగలదు.

పొడవు తాడుతో రెండు రెక్కలూ సమానమయ్యాక పొట్టి తాడు కట్టి, పిడికీ తాడుకూ మధ్య 3 అంగుళాల ఎడం వచ్చేలా ఎక్కుపెట్టు. అది కుదిరాక 6 అంగుళాలకు తీసుకురా. కింది రెక్క కొంచెం బిగువుగా ఉండాలి, అద్దంలో చూసినట్టు రెండూ ఒకటే అయితే చేతిలో పట్టుకున్నప్పుడు కింది రెక్క అలసిపోతుంది. చివరి రెండు అంగుళాల లాగుడు కర్ర మీద చూడొద్దు, బాణాలు వేస్తూ రానివ్వు. తాడు విప్పాక విల్లు ఒకటిన్నర, రెండు అంగుళాలు ఒంగి ఉండిపోతే మామూలే. అంతకు మించితే చెక్క ఇంకా ఆరలేదని అర్థం, మళ్లీ బీరువాలోకి.

తూణీరం 

నేను పిల్లలకు విలువిద్య నేర్పిస్తాను. చేయడం గురించి చెక్కపని గారు చెప్పినదానికి కలపడానికి ఏమీ లేదు, వేయడం గురించి రెండు ముక్కలు.

మీ ఫైబర్ విల్లుకు వాడే సన్నటి కార్బన్ బాణాలు దీనికి పెట్టకండి. చెక్క విల్లుకు పౌండుకు 10 గ్రెయిన్ల బరువున్న బాణం ఉంటే మంచిది. 35 పౌండ్ల విల్లుకు 350 గ్రెయిన్లు, అంటే 23 గ్రాముల దగ్గర. బాణం తేలికైపోతే విల్లులో దాచిన శక్తి బాణంలోకి పోదు, తిరిగి రెక్కల్లోకే వస్తుంది. బాణం లేకుండా లాగి వదలడం అన్నిటికన్నా ఘోరం. ఇంటికొచ్చిన చుట్టాలు చేసే మొదటి పని అదే కాబట్టి విల్లు గోడకు తగిలించేటప్పుడు తాడు విప్పే ఉంచండి.

టీవీలో జ్యోతి సురేఖను చూసి మా పిల్లలు పూర్తిగా లాగి అట్లాగే నిలబడతారు. ఆమెది కాంపౌండ్ విల్లు, చివర్లో చక్రాలు తిరిగి భారం తగ్గిపోతుంది. చెక్క విల్లులో తగ్గదు, పట్టుకున్నంత సేపూ చెక్క నలుగుతూనే ఉంటుంది. గడ్డం దగ్గరికి తెచ్చి, గురి చూసి వదిలేయండి. ఎం.ఆర్.పల్లి మిద్దెల మీద మాత్రం వద్దు, దయచేసి. వెనక మట్టిగట్టు ఉన్న ఖాళీ చోటు చూసుకోండి.

ఎమ్మార్‌పల్లి విలుకాడు

అలాగే మేడమ్. మా మిద్దె మీద మా అమ్మ వడియాలు ఉంటాయి, నేను వేస్తానన్నా ఒప్పుకోదు. అన్నా, ఒక చివరి ప్రశ్న. నారికి నైలాన్ తాడు సరిపోతుందా? పలక మీద మధ్యగీత గీసేశాను, ఆదివారం కోస్తాను.

చంద్రగిరి చెక్కపని

వంపు చూసే పొడవు తాడుకు నైలాన్ వాడుకో, కానీ అది సాగుతుంది కాబట్టి కాటా అంకెలు చూసేటప్పుడు దాన్ని నమ్మకు. అసలు నారికి డేక్రాన్ బి-50 దారం దొరికితే అదే తీసుకో, విలువిద్య సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది. సాగకుండా గట్టిగా ఉండే కొత్తరకం దారాలు చెక్క కొనలను కోసేస్తాయి.

కోసేటప్పుడు గీత మీద కోయకు, గీతకు బయట రెండు మిల్లీమీటర్లు వదిలి కోయి. జిగ్‌సా బ్లేడు మందమైన చెక్కలో కింది వైపు పక్కకు పోతుంది, పైన గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. మిగిలింది చిత్రికతో గీత దాకా తెచ్చుకో. వంపు పనిలో అనుమానం వస్తే ఫోటో పెట్టు. ఫోటో సరిగ్గా ఎదురుగా, పిడి ఎత్తులో ఫోను పెట్టి తియ్యి. పక్కనుంచి తీస్తే ఏ రెక్క బిగువో నాకు అర్థం కాదు.